ఆటు అంటే పాటేనా?

సందేహం: నేను కాకినాడలో డిగ్రీ రెండో సంవత్సరం, బోటనీ. ఈ వేసవిలో కోరింగ మడ అడవుల మీద పరిశోధన చేస్తున్న బృందంలో ఇంటర్న్‌గా చేరాను. మేం ఏం చేస్తున్నామో చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు తెలిసేలా తెలుగులో ఒక పేజీ రాయమన్నారు మా గైడ్. "తీర పర్యావరణ శాస్త్ర అధ్యయనంలో భాగంగా ఆటు సమయమందు మృత్తికా నమూనాలు సేకరించబడును" అని మొదలుపెట్టాను. పడవ నడిపే ఆయనకు చదివి వినిపిస్తే "ఆటు అంటే పాటేనా అమ్మా?" అని అడిగారు. ఏది సరైనది? ఇకాలజీని పర్యావరణ శాస్త్రం అనొచ్చా? అమావాస్యకు వచ్చే పెద్ద పోటును ఉప్పెన అంటే తప్పా?

సమాధానం: పాటేనండి. ఆటు అన్నా పాటు అన్నా సముద్రం వెనక్కి తీయడమే, రెండూ ఒప్పే. కాకపోతే ఆటు అనే మాట ఇప్పుడు ఒంటరిగా ఎక్కడా కనబడదు, పోటును వెంటేసుకునే తిరుగుతుంది, అది కూడా సముద్రం దగ్గర కంటే షేర్ మార్కెట్ వార్తల్లోనే ఎక్కువ. అందుకే పరీక్ష రాసే పిల్లలకు ఆటు ఏదో, పోటు ఏదో ఎప్పుడూ తికమకే. పాటుతో ఆ బాధ లేదు. చెడు నుంచి చేటు వచ్చినట్టే పడు నుంచి పాటు, పొడుచు నుంచి పోటు వచ్చాయి. నీళ్లు పొడుచుకుని లోపలికొస్తే పోటు, పడిపోతే పాటు. ఇంత తేటగా ఉన్న జంటను పక్కనపెట్టి భూగోళం పుస్తకాల్లో "వేలా తరంగాలు" అని పెట్టారు, సరే, అది వాళ్ల ఇష్టం.

పాటుతో ఒక్క చిక్కుంది. "రెండు గంటల పాటు", "మాతో పాటు" అనే పాటు కూడా ఉంది కదా, "పాటు రెండు గంటల పాటు ఉంటే మాతో పాటు రండి" అని రాశారంటే ఎవరైనా ఒక్క క్షణం ఆగిపోతారు. అందుకని "పాటు వేళ" అనండి, లేదా "నీళ్లు తీశాక" అనండి. మీరు చదివే తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, మర్నాటికి ఒక్కోటీ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. మీ కాగితంలో "ఉదయం 9 గంటలకు" అని రాస్తే వారం తిరిగేసరికి అది అబద్ధమవుతుంది, "పాటు వేళ" అంటే ఊళ్లోవాళ్లు తిథిని బట్టి వాళ్లే లెక్క కట్టుకుంటారు.

ఉప్పెన మాత్రం వద్దు. పున్నమికీ అమావాస్యకూ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి కాబట్టి నీళ్లు మామూలు కంటే ఎత్తుకు లేస్తాయి, అది పోటే. "అమావాస్య పోటు" అంటే చాలు, ఏటా చొల్లంగి అమావాస్యకు స్నానాలు చేసే ఊళ్లలో ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఉప్పెన అంటే తుఫాను గాలి సముద్రాన్ని ఊళ్ల మీదికి తోసుకురావడం. 1839లో కోరింగ రేవును తుడిచిపెట్టింది అదే, 1977లో దివిసీమను ముంచింది అదే. నెలకు రెండుసార్లు మామూలుగా వచ్చే నీటికి ఆ పేరు పెట్టి పంచిపెడితే, చదివిన పెద్దవాళ్లకు ఊరికే టెన్షన్. పత్రికల్లో ఈ మధ్య "విమర్శల ఉప్పెన", "అభిమానుల ఉప్పెన" అని రాసి మాటను బాగా పలచన చేశారు, తీరంలో అది ఇంకా పలచబడలేదు.

ఇకాలజీ సంగతి. పర్యావరణం అంటే మన చుట్టూ ఉన్నది. మీరు చూసేది ఆ చుట్టూ ఉన్నదానికీ చెట్టుకూ పీతకూ మధ్య ఉన్న లావాదేవీలు, దానికి జీవావరణ శాస్త్రం అన్నదే నిలబడిన మాట. కానీ బడి పుస్తకాల్లో శిలావరణం, జలావరణం, వాతావరణం వరసలో జీవావరణం అంటే బయోస్ఫియర్, ఆ గందరగోళం ఇంకా తీరలేదు. కాలేజీకిచ్చే రిపోర్టులో "తీర జీవావరణ శాస్త్రం" అని రాయండి. ఊరికిచ్చే కాగితంలో శాస్త్రం పేరే అక్కర్లేదు. ఇంటర్న్‌షిప్‌ను కూడా తెలుగు చేయబోకండి, "డిగ్రీ విద్యార్థులం" అంటే సరిపోతుంది.

మీరు అడగనిది, నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది "సేకరించబడును". ఎవరు సేకరిస్తారు? సైన్సు అనగానే మనిషిని వాక్యంలోంచి తీసేయాలని మన కాలేజీల్లో ఎవరు నేర్పారో గానీ, "నీరు పరీక్షించబడింది", "ఆకులు తూచబడ్డాయి" అని రాసేవాళ్లంతా ఇంట్లో "అన్నం తినబడింది" అనరు కదా! తెలుగులో కర్త కనబడకపోయినా క్రియ చివర ఉండనే ఉంటుంది, "తూచాం" అంటే మేమేనని తెలుస్తుంది. మృత్తిక కూడా అంతే, మడ చెట్ల కింద ఉండేది బురద, ఒండ్రు. మీ మొదటి వాక్యాలు ఇలా పెట్టి చూడండి:

"మేం డిగ్రీ విద్యార్థులం. ఈ వేసవిలో కోరింగ అడవిలో ఏ మడ చెట్లు ఎక్కడ పెరుగుతున్నాయో, వాటి కింద బురదలో ఏమేం బతుకుతున్నాయో చూస్తున్నాం. పాటు వేళ పడవ మీద వచ్చి కొద్దిగా ఒండ్రు తీసుకెళ్తాం."

చెట్ల పేర్లు పడవాయన్నే అడిగి రాసుకోండి. మడ అంటే అడవి పేరే కాదు, చెట్టు పేరు కూడా: నల్లమడ, తెల్లమడ, విల్వమడ వేరువేరు. ఆకు వెనక నాలుకకు తగిలేంత ఉప్పు పేరుకునేదీ, బురదలోంచి మేకుల్లా వేళ్లు పైకి పొడిచేదీ ఈ మడలే. ఊరికో పేరుంటే రెండూ రాయండి, శాస్త్రనామం ఆ తర్వాత. తిల్లను మాత్రం ముందే తిల్ల అని రాయండి. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని ఆ ఊళ్లలో అందరికీ తెలుసు, "ఎక్సోకేరియా అగలోచా కొమ్మలు విరవరాదు" అని రాశారనుకోండి, మీతో కొత్తగా చేరిన కుర్రాడు ముందు దాన్నే విరుస్తాడు.