దిగుమతి షాంపూల వ్యాపారం: బి.ఫార్మసీ అమ్మాయికి ఉన్న దారి

ప్రశ్న: మా అమ్మాయి బి.ఫార్మసీ చివరి సంవత్సరం చదువుతోంది. దుబాయ్‌లో ఉన్న మా తమ్ముడు అక్కడి షాంపూలు, హెయిర్ డైలు పంపుతానని, తెనాలిలో అమ్ముకోమని అంటున్నాడు. లైసెన్సు కావాలా? ఈ చదువు అందుకు పనికొస్తుందా?

జవాబు: అమ్మా, మన దేశంలో సౌందర్య సాధనాలను దుకాణంలో అమ్మడానికి విడిగా డ్రగ్ లైసెన్సు అక్కర్లేదు గానీ, దిగుమతి సంగతి వేరు. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, విదేశీ సరుకు ఏదైనా ముందుగా కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ వద్ద నమోదు కావాలి. సీఓఎస్-1 అనే ఫారంలో దరఖాస్తు చేస్తే సీఓఎస్-2 అనే నమోదు ధ్రువపత్రం ఇస్తారు. ఒక్కో వర్గానికి 1000 డాలర్లు, తయారయ్యే ఒక్కో చోటుకు 500, ఒక్కో రకానికి 50 చొప్పున రుసుము ఉంటుంది. తయారీదారు నుంచి పదార్థాల వివరాలు, ఇతర పత్రాలు రావాలి కనుక, మీ తమ్ముడు అక్కడి దుకాణంలో కొని పంపే పెట్టెలతో వ్యాపారం నడవదు. పైగా వాడుక గడువు ఆరు నెలల లోపే ఉన్న సరుకును దిగుమతి చేయకూడదు.

ఇక మీ అమ్మాయి చదువు విషయం. సరుకు నిబంధనలకు తగ్గట్టు ఉందో లేదో చూసుకోవడమే కంపెనీల్లో ‘రెగ్యులేటరీ అఫైర్స్’ అనే విభాగం చేసే పని. ఒక హెయిర్ డైని తీసుకోండి. అందులో పారా-ఫినైలీన్ డయామీన్ అనే రంగు రసాయనం ఉంటే, ముందుగా చర్మంపై పరీక్షించుకోవాలని, కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు వాడితే చూపు పోయే ప్రమాదం ఉందని ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలోనూ లేబుల్ మీద హెచ్చరించాలి. దిగుమతిదారు పేరు, చిరునామా, నమోదు సంఖ్య, లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నిబంధనలు కోరే గరిష్ఠ చిల్లర ధర కూడా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా సరుకు కస్టమ్స్ దగ్గరే ఆగిపోవచ్చు. హెచ్చరికే లేకపోతే కొన్నవారి కళ్లకే ముప్పు. అందుకే ఇది గుమాస్తా పని అని ఎవరైనా చులకన చేస్తే నేను ఒప్పుకోను.

ఫార్మసీ చదివినవారికి ఇక్కడ మరో అనుకూలత ఉంది. జుట్టు రాలే సమస్యకు వాడే మినాక్సిడిల్ ద్రావణం తలకు రాసేదే అయినా చట్టం దృష్టిలో ఔషధమే, దాని అమ్మకానికి డ్రగ్ లైసెన్సు తప్పదు. సౌందర్య సాధనానికీ ఔషధానికీ మధ్య ఉన్న ఈ సరిహద్దును సీసా మీది పదార్థాల జాబితా చూసి చెప్పగలగడం మీ అమ్మాయికి వస్తున్న చదువే. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుగా ఒక దిగుమతి హెయిర్ డై లేబుల్‌ను నిబంధనలతో పోల్చి పరిశీలించమనండి. హైదరాబాద్ కంపెనీల ఇంటర్వ్యూలలో అది చూపించవచ్చు. మీ తమ్ముడిని మాత్రం, తయారీ కంపెనీ నుంచి రాతపూర్వకమైన అధికార పత్రం తేగలరో లేదో డబ్బు కట్టకముందే అడగండి.