కొనేది ఏమీ లేకపోయినా దసరాకు బీసెంట్ రోడ్డుకు వెళ్లొచ్చా? వెళ్లండి, ఆకలితో వెళ్లండి

"దసరా సెలవుల్లో రెండు రోజులు విజయవాడలో ఉంటాం. కొనేది పెద్దగా ఏమీ లేదు. షాపుల అలంకరణలు చూసి, ఎక్కడైనా మామూలు హోటల్లో తిని రావాలని ఉంది. ఎటు వెళ్లాలి?" అని అడిగారు. మాది గుంటూరు. దాదాపు ముప్పై ఏళ్లుగా ప్రతి దసరాకీ నేను చేస్తున్న పని ఇదే. కాబట్టి ఈ ఒక్క విషయంలో నాకు పోటీ లేదనే అనుకుంటాను.

అందరూ మీకు మాల్ పేర్లు చెప్తారు. వినకండి. మాల్‌లో షాపుల అద్దాలన్నీ లోపలి వరండాల వైపు తిరిగి ఉంటాయి, రోడ్డు మీద పోయేవాడికి ఏమీ కనపడదు. హైదరాబాద్‌లో ఉన్నా బెంజి సర్కిల్లో ఉన్నా దాని మొహం ఒకటే. బీసెంట్ రోడ్డు అలా కాదు. ఏలూరు రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టి బందరు రోడ్డు దాకా నడవండి. పండగ ముందు కాలు పెట్టడానికి చోటుండదు, అదే అందం. ఒక పక్క అద్దాల్లో పట్టుచీరలు, వాటి ముందే నేల మీద పరిచిన హెయిర్‌బ్యాండ్లు, గాజులు, ప్లాస్టిక్ డబ్బాలు. రెండూ ఒకే లైటు కింద మెరుస్తుంటాయి. వన్‌టౌన్‌లో వస్త్రలతకు కూడా వెళ్లమంటారు. అది హోల్‌సేల్ మార్కెట్. తెల్ల పరుపుల మీద కూర్చుని థాన్లు విప్పుతారు, పైసల దగ్గర బేరం ఆడతారు. కొనేవాడికి అది స్వర్గం. ఊరికే చూడ్డానికి వెళ్తే మాత్రం ఐదు నిమిషాల్లో "ఏం కావాలి సార్?" అంటారు, మీ దగ్గర జవాబు ఉండదు.

గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లయితే బస్సులో ఎడమ పక్క కిటికీ సీటు పట్టుకోండి. చీకటి పడ్డాక వారధి మీదికి వచ్చేసరికి ఎడమ వైపు ఇంద్రకీలాద్రి మొత్తం దీపాలతో కనపడుతుంది, కింద కృష్ణలో దాని నీడ ఊగుతూ ఉంటుంది. నన్నడిగితే ఊళ్లోకెల్లా పెద్ద షోకేసు అదే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మూలా నక్షత్రం రోజు మాత్రం షాపుల పేరుతో రాకండి. ఆ రోజు అమ్మవారిని సరస్వతీదేవిగా అలంకరిస్తారు, జనమంతా కొండకే వస్తారు. ట్రాఫిక్‌ని ఎటు మళ్లిస్తారో ఆటోవాళ్లకే అర్థం కాదు.

ఇక అసలు సంగతి. షాపుల అలంకరణ చూడాలంటే అద్దం బయటే నిలబడాలి, లోపలికి వెళ్లకూడదు. వెళ్తే ఏసీ చల్లగాలి, ఆపైన కుర్చీ, మంచినీళ్లు, చివరికి బిల్లు. ఈ సూత్రం నాకు నేర్పింది మా అమ్మ. దాన్ని నా కళ్లముందే తప్పింది కూడా మా అమ్మే.

1996 దసరా ముందు సంగతి. నేను ఎనిమిదో తరగతి. అమ్మ పుట్టిల్లు మంగళగిరి, ఇంట్లోనే గుంట మగ్గం. మా మామయ్య దాని మీదే బతికాడు. ఆ ఏడాది మాకు కొత్తబట్టలు గుంటూరులోనే కొనేశారు. అయినా "ఒకసారి లైట్లు చూసొద్దాం పదరా" అని నన్ను బస్సెక్కించింది. బీసెంట్ రోడ్డులో ఒక పెద్ద బట్టల షాపు దగ్గర ఆగిపోయింది. అద్దంలో నాలుగు బొమ్మలు. మూడింటికి పట్టుచీరలు కట్టేశారు. నాలుగో దానికి ఒక కుర్రాడు చీర కడుతున్నాడు. చెప్పుల్లేకుండా షోకేసులో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు, నోట్లో గుండుసూదులు. అది మంగళగిరి నూలు చీర, చిలకపచ్చ రంగు, నిజాం అంచు. గంజి పెట్టిన కొత్త నూలు కదా, పట్టులాగా చెప్పిన మాట వినదు. వాడు కుచ్చిళ్లు ఒత్తుతున్నాడు, అవి గొడుగులా విచ్చుకుంటున్నాయి. మళ్లీ ఒత్తుతున్నాడు, మళ్లీ విచ్చుకుంటున్నాయి. ఆఖరికి విసుగొచ్చి అన్నీ కలిపి ఒక ఉండలా బొమ్మ నడుములోకి కుక్కేశాడు. పైటని కూడా తిరగేసి వేశాడు, అంచు లోపలికి పోయింది.

అమ్మ గాజుల చేత్తో అద్దం మీద టకటకా కొట్టింది. వాడు ఉలిక్కిపడి చూశాడు. ధర అడుగుతోందనుకున్నాడేమో, చీరకి వేలాడుతున్న చీటీ తిప్పి చూపించాడు. ఈవిడ కాదని తల ఊపి, తన పైటంచు పట్టుకుని ఇలా వెయ్యాలని చూపిస్తోంది. వాడికి అర్థం కాలేదు. లోపల్నుంచి నుదుటి మీద కుంకుమ బొట్టుతో ఒకాయన వచ్చి తలుపు తీసి, "ఏమ్మా, ఏం కావాలి?" అన్నాడు.

"నాకేం వద్దు నాయనా. ఆ బొమ్మకి మీరు కట్టింది చీర కాదు, గోచీ" అంది.

నేను చచ్చిపోయాననుకున్నాను. ఆయనకి కోపం రాలేదు. ఒకసారి బయటికొచ్చి, అద్దం ముందు నిలబడి చూసి, "మీరు కట్టగలరా?" అన్నాడు. అమ్మ చెప్పులు విప్పి నా చేతికిచ్చింది. "ఇవి పట్టుకుని ఇక్కడే ఉండు" అని షోకేసులోకి ఎక్కేసింది.

బీసెంట్ రోడ్డు మధ్యలో, రెండు చేతుల్లో రెండు చెప్పులతో నేను. అద్దం లోపల ట్యూబ్‌లైట్ల వెలుగులో మా అమ్మ. ముందు చీర మొత్తం విప్పేసింది. కుర్రాణ్ని నీళ్లు అడిగి వేళ్లు తడుపుకుని, నడుము దగ్గర వచ్చే గుడ్డ మీద మాత్రం అద్దింది, గంజి కొంచెం మెత్తబడ్డానికి. తర్వాత బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఒక్కొక్క మడతా కొలిచి పెట్టింది. ప్రతి మడతనీ అరచేత్తో చరిచింది. ఆ చప్పుడు నాకు బయటికి వినపడలేదు కానీ గాజులు ఎగరడం కనపడింది. ఈలోగా రోడ్డు మీద పోయేవాళ్లు ఆగడం మొదలుపెట్టారు. నా పక్కన ఒకావిడ, "ఈ షాపువాళ్లు మనుషుల్ని కూడా పెడుతున్నారా?" అంది. మా అమ్మ అని చెప్పలేదు. చెప్పుల్ని వెనక్కి దాచుకున్నాను.

పైట వేసి, అంచు బయటికి తిప్పి, భుజం మీద ఒకే ఒక్క గుండుసూది గుచ్చింది. అప్పుడు ధర చీటీని కొంగు వెనక్కి తోస్తూ దాన్ని చదివింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. నాకు స్పష్టంగా గుర్తుంది, ఎందుకంటే అప్పటిదాకా ఆ చేతులు ఆగనేలేదు.

షాపాయన ఇద్దరికీ కూల్‌డ్రింక్ తెప్పిస్తానన్నాడు, ఏ చీర తీసుకున్నా తగ్గిస్తానన్నాడు. "మా ఇంట్లో మగ్గం ఉంది లెండి" అని బయటికొచ్చేసి చెప్పులేసుకుంది. బీసెంట్ రోడ్డు దాటేదాకా మాట్లాడలేదు.

గవర్నర్‌పేటలో ఒక చిన్న హోటల్‌కి తీసుకెళ్లింది. ఇప్పుడు లేదు, ఆ చోట సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. పాలరాతి బల్లలు, నలుగురు కూర్చునే చోట ఆరుగురు. మా ఎదురుగా ఎవరో ముసలాయన పేపరు అడ్డం పెట్టుకుని పూరీ తింటున్నాడు. సర్వర్ చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఊపిరి తిప్పుకోకుండా "ఇడ్లీ, వడ, పూరీ, మసాలాదోసె, పెసరట్టు, ఉప్మా పెసరట్టు" అని చదివేశాడు. అమ్మ ఒక సాంబారిడ్లీ, ఒక ఉప్మా పెసరట్టు చెప్పింది, ఇద్దరికీ చెరిసగం. అల్లం చట్నీ నోట్లో పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. సాంబారిడ్లీ లోతు గిన్నెలో వచ్చింది, చిన్నుల్లిపాయలు తేలుతూ. చెంచా ఇస్తే పక్కన పెట్టేసి చేత్తోనే తిన్నాం.

సగం తిన్నాక అమ్మ, "అన్నయ్యకి ఆ చీర నేసినందుకు ఇచ్చే మజూరి ఎంతో తెలుసా?" అంది. తెలీదన్నాను. వేళ్ల మీద లెక్కేసి, చీటీ మీదున్న ధరలో ఐదో వంతు కూడా కాదంది. నూలు, రంగు, జరీ, షావుకారు, షాపు అద్దె, ఆ ట్యూబ్‌లైట్ల కరెంటు అని ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోయింది. ఎక్కడా మామయ్య వాటా పెరగలేదు. తర్వాత సాంబారు గిన్నె ఎత్తి తాగేసి, ఉన్నట్టుండి నవ్వింది. "అయినా మన చీర అద్దంలో పెట్టార్రా" అంది. దిగుల్లోంచి నవ్వులోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. సాంబారు మహిమే అంటాను నేను.

అందుకే హోటల్ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. మాది శంకర్ విలాస్ అని హోటల్ పేరునే ఒక సెంటర్‌కి పెట్టుకున్న ఊరు, ఈ మాత్రం పట్టుదల ఉండదా? షాపులు చూసిన సాయంత్రం తినాల్సింది టిఫినే, భోజనం కాదు. బిర్యానీ అసలే కాదు, అది తిన్నాక నడవలేరు. పొద్దున ఖాళీ ఉంటే గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ తినండి, వెన్న వేసి ఇస్తారు. సాయంత్రానికి ఫలానా హోటల్ అని చెప్పను, గుర్తులు చెప్తాను. వంటవాడు పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు బయటికి వినపడాలి. తెలియనివాళ్లు మీ బల్ల దగ్గరే కూర్చోవాలి. "మినరల్ వాటరా, నార్మలా?" అని అడగకుండానే స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టెయ్యాలి. ఈమధ్య ఒకచోట కూర్చోగానే మెనూ కోసం ఫోన్‌తో స్కాన్ చేయమన్నారు. మా అమ్మ దగ్గరున్నది బటన్ల ఫోను. ఇడ్లీ ఉందా లేదా అని తెలుసుకోవడానికి డెబ్బై దాటిన మనిషి నెట్ వేయించుకోవాలా? ఏసీ గది అని అదే దోసెకి ఎక్కువ వేయడం ఇంకో దారుణం. లోపల చల్లగా ఉన్నందుకు దోసె తొందరగా చల్లారిపోతుంది, దానికి మనమే డబ్బు కట్టాలి.

షాపులూ మారిపోయాయి. చాలాచోట్ల బొమ్మలు తీసేసి పెద్ద ఎల్ఈడీ తెరలు పెట్టారు. అందులో ఎవరో మోడల్ చీర కట్టుకుని తిరుగుతూ ఉంటుంది, చూసినంతసేపూ అదే తిరుగుడు. బయట డీజే, ఒకడు మైకు పట్టుకుని ఆఫర్లు అరుస్తుంటాడు. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవిలో చెప్పాలి.

ఏమీ కొనకపోతే వెళ్లడం దేనికి అని మీకు ఎవరైనా అంటే మా పిన్ని సంగతి చెప్పండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో వాళ్లిల్లు మునిగింది. నీళ్లు తీశాక బీరువా తెరిస్తే చీరలన్నీ బురద ముద్దలు. నెల తర్వాత దసరా. మేము డబ్బులిస్తామన్నా తీసుకోలేదు, బీసెంట్ రోడ్డుకి మాత్రం వస్తానంది. రెండు గంటలు తిరిగింది. ఏదైనా తీసుకో పిన్నీ అంటే, "కొనడానికి కాదురా, పొడిగా ఉన్న బట్టలు ఎలా ఉంటాయో చూద్దామని వచ్చాను" అంది. ఆ తర్వాత రెండు ప్లేట్ల మైసూరు బజ్జీ తింది.

పోయిన దసరాకి అమ్మని తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులు, ఆటోలో బందరు రోడ్డు వైపు దిగి నాలుగడుగులు నడిచాం. ఒక చిన్న షాపు బయట పాత పద్ధతిలో ఒకే ఒక్క బొమ్మ, దానికి నూలు చీర. కుచ్చిళ్లు ఎలా ఉన్నాయో నేనూ చూశాను, ఆవిడా చూసింది. "వద్దమ్మా, ఆలస్యమవుతుంది" అంటూనే ఉన్నాను. అప్పటికే చెప్పులు విప్పేసింది. లోపలున్న అమ్మాయి ఫోన్లో వీడియో తీసింది, ఇద్దరూ కలిసి దాదాపు ముప్పావుగంట పట్టించారు. మేం హోటల్‌కి చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది, ఇడ్లీ అయిపోయిందన్నారు, పెసరట్టు పిండి కూడా లేదన్నారు, ఆరిపోయిన రవ్వదోసె తిని వచ్చాం. మీరు మాత్రం ఏడున్నరలోపే వెళ్లిపోండి.