32 వరుసల ట్రూత్ టేబుల్ వేయకుండా ఆర్గ్యుమెంట్ వ్యాలిడా కాదా ఎలా తేల్చాలి?

ఐదు అక్షరాలున్న (ఒక్కో అక్షరం ఒక్కో వాక్యానికి గుర్తు) ఆర్గ్యుమెంటుకి, అంటే వాదనకి, ఏది నిజం ఏది అబద్ధం అన్న కలయికలన్నీ ఒక్కో వరుసగా రాస్తూ 32 వరుసల టేబుల్ వేసేసరికి పరీక్షలో టైమ్ అయిపోతోంది, దగ్గరి దారి ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది. తిరుపతిలో ఎంసీఏ చదివేటప్పుడు నేనూ ఇదే అవస్థ పడ్డాను. ఆ దగ్గరి దారి తెలిశాక దాంట్లోనే పెద్ద తప్పు చేసి మార్కులు పోగొట్టుకున్నాను కూడా, అందుకే రెండూ చెబుతాను.

వ్యాలిడ్ అంటే, ప్రెమిస్‌లన్నీ (ముందుగా ఒప్పుకున్న వాక్యాలు) నిజమై కంక్లూజన్ (వాటి నుంచి 'కాబట్టి' అని తేల్చేది) మాత్రం అబద్ధమయ్యే సందర్భం ఒక్కటి కూడా లేదని అర్థం. ఆ ప్రెమిస్‌లు లోకంలో నిజమా కాదా అన్నది వేరే సంగతి. టేబుల్ మొత్తం వేసి మనం వెతికేది ఆ ఒక్క చెడ్డ వరుస కోసమే కదా, మరి నేరుగా దాన్నే వెతకండి. కంక్లూజన్ అబద్ధం, ప్రెమిస్‌లన్నీ నిజం అని పెట్టుకుని, అక్కడి నుంచి తప్పనిసరిగా ఏది వస్తుందో రాసుకుంటూ పోవడమే.

ఇది చూడండి. గట్టి వాన పడితే ఘాట్ రోడ్డు మూస్తారు. ఘాట్ రోడ్డు మూస్తే బస్సు కొండకి పోదు. బస్సైనా పోతుంది, లేదా మనం అలిపిరి మెట్లెక్కుతాం. మెట్లెక్కితే దర్శనానికి ఆలస్యమవుతుంది. కాబట్టి గట్టి వాన పడితే దర్శనానికి ఆలస్యమవుతుంది.

'ఇది అయితే అది' అన్న వాక్యం అబద్ధమయ్యేది ఒక్కచోటే, మొదటిది నిజమై రెండోది అబద్ధమైనప్పుడు. కాబట్టి వాన పడింది, ఆలస్యం కాలేదు అని పెట్టుకుందాం. వాన పడింది గనుక రోడ్డు మూశారు, మూశారు గనుక బస్సు పోలేదు, బస్సు పోలేదు గనుక మెట్లెక్కాం, ఎక్కాం గనుక ఆలస్యమైంది. కాలేదనుకున్నాం, అయిందని వచ్చింది. చెడ్డ వరుస దొరకలేదు, అంటే వ్యాలిడ్. 32 వరుసల పని నాలుగు అడుగుల్లో తేలింది.

ఇప్పుడు కంక్లూజన్ తిప్పండి: 'ఆలస్యమైతే గట్టి వాన పడినట్టే'. దీన్ని అబద్ధం చేయాలంటే ఆలస్యమైంది, వాన పడలేదు. రోడ్డు తెరిచే ఉంది, బస్సు పోయింది అనుకుంటే ప్రెమిస్‌లు నాలుగూ నిజమే, ఎక్కడా పేచీ లేదు. మెట్లెక్కారా లేదా అన్నది ఎలా పెట్టుకున్నా ఫర్వాలేదు, ఇక్కడ 'లేదా' అంటే రెండూ నిజమైనా సరే. చెడ్డ వరుస దొరికింది, ఇన్‌వ్యాలిడ్.

ఈ తిప్పడం దగ్గరే చాలామంది పడిపోతారు. నాకు ఇది నిజంగా అర్థమైంది క్లాసులో కాదు, సంస్కృత విద్యాపీఠంలో న్యాయశాస్త్రం (లా కాదు, మన పాత తర్కశాస్త్రం) చదివిన మా పక్కింటి పెద్దాయన దగ్గర. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది సరే, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా నాయనా, కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపగుండు చూడు అన్నారు. ఎప్పటి నుంచో తర్కంలో చెప్పుకునే ఉదాహరణ అది. ఒక్క ఇనుపగుండు చాలు, వాదన కూలిపోతుంది. అప్పటి నుంచి ఏ లెక్క చూసినా ముందు దాని ఇనుపగుండు కోసం వెతుకుతాను.

ఇక నా తప్పు. సెమిస్టర్ పరీక్షలో వచ్చిన లెక్క ఇలాంటిది: పీ అయితే క్యూ, ఆర్ అయితే ఎస్, పీ లేదా ఆర్. కాబట్టి క్యూ, ఎస్ రెండూ. నేను క్యూ అబద్ధం, ఎస్ అబద్ధం అని పెట్టాను. అప్పుడు పీ, ఆర్ రెండూ అబద్ధం కావాలి, మూడో ప్రెమిస్ ఒప్పుకోదు. వైరుధ్యం వచ్చేసిందని సంబరంగా వ్యాలిడ్ అని రాసి లేచాను. కానీ 'రెండూ' అన్న మాట అబద్ధమవడానికి మూడు దారులున్నాయి, నేను చూసింది ఒక్కటే. క్యూ నిజం, ఎస్ అబద్ధం అని పెట్టి చూడండి: ఆర్ అబద్ధం అవుతుంది, పీ నిజం అవుతుంది, ప్రెమిస్‌లు మూడూ నిజంగానే నిలబడతాయి. అది ఇన్‌వ్యాలిడ్! బయట బస్టాప్‌లో ఫ్రెండ్‌తో మాట్లాడుతుంటే తెలిసింది, ఆ రాత్రి అన్నం సయించలేదు.

కాబట్టి దారి చీలిన ప్రతిచోటా ఆగి, ఎన్ని కొమ్మలున్నాయో మార్జిన్‌లో రాసుకోండి. ఇన్‌వ్యాలిడ్ అనడానికి ఒక్క కొమ్మ తెరిచి ఉంటే చాలు, వ్యాలిడ్ అనాలంటే అన్నీ మూసుకుపోవాలి. మొదట ఒకే దారి ఉన్న వాక్యాలన్నీ వాడేసి, చీలేవి చివరికి ఉంచితే కొమ్మలు తగ్గుతాయి. కొన్ని లెక్కల్లో కొమ్మలు మరీ ఎక్కువై టేబుల్‌తో సమానమైన పని పడుతుంది, అక్కడ టెన్షన్ పడకుండా టేబులే వేసేయండి. రెండు, మూడు అక్షరాలకైతే నాలుగో ఎనిమిదో వరుసలే కదా, నేను ఇప్పటికీ టేబులే వేస్తాను.