మౌంటు స్క్రూలు ముట్టుకోకు బుజ్జీ

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దిగుతుంటే బండి మీంచి బ్యాగ్ జారిపడిందట. నీ కెమెరా 24-70 జూమ్ లెన్స్ ముందు భాగం పగిలిందట, జూమ్ మధ్యలో పట్టేస్తోందట. అక్కడితో ఆపి ఉంటే నాకు నిద్ర పట్టేది. ఆదివారం వీడియో చూస్తూ నువ్వే విప్పేస్తావట, కుదరకపోతే ఈఎమ్ఐలో కొత్తది తీసుకుంటావట. ఒక్కరి ముందూ చేయి చాపకుండా నీ పని నువ్వే చక్కబెట్టుకోవాలనుకున్నావు చూడు, ఆ మాట విని కడుపు నిండింది. కానీ విప్పడమూ వద్దు, అప్పూ వద్దు. ఎందుకో రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందుగా, తొందరేమీ లేదు తల్లీ. ధనుర్మాసం నడుస్తోంది, పెళ్ళిళ్ళు లేవు, నీకు పెళ్ళి ఫోటోల పనీ లేదు. నీ చేతిలో ఉన్న పెద్ద పని కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం ఒక్కటే. దానికి లెన్స్ అద్దెకి తెచ్చుకుందాం. ముహూర్తాలు మొదలయ్యేలోపు రిపేరు చేయించుకోవడానికి చాలినంత టైముంది.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. జూమ్ రింగు ఇంకొక్కసారి కూడా తిప్పకు. పట్టేసినదాన్ని బలవంతంగా తిప్పితే గాడిలో నడిచే చిన్న నైలాన్ రోలర్ విరుగుతుంది, లేదా గాడి అంచు చెక్కుకుపోతుంది. రోలర్ ఒక్కటే పోతే చిన్న రిపేరు. గాడి ఉన్న గొట్టం పాడైతే దాన్ని మొత్తంగా మార్చాలి. పడింది రేవు దగ్గర కాబట్టి ఇసుక కూడా దూరి ఉంటుంది. గ్రీజులో చిక్కిన ఇసుక రేణువు ఆకురాయిలా పనిచేస్తుంది, తిప్పిన ప్రతిసారీ అరగదీస్తుంది. లెన్స్ పడిందని విన్నప్పుడు నాకు పగులు కంటే ఇసుకే ఎక్కువ భయం వేసింది.

పగిలింది లెన్స్ ముందు బిగించే ఫిల్టర్ అద్దమా, లెన్స్ గ్లాసా? చాలాసార్లు ఫిల్టరే పగిలి ఉంటుంది, చూసి గుండె జారిపోతుంది కానీ లోపలి గ్లాసు నిక్షేపంలా ఉంటుంది. లెన్స్ ముందు వైపు నేలకేసి ఉండేలా పట్టుకో, కింద తెల్ల కాగితం వేసుకో, బ్లోయర్‌తో ఊదు. ముక్కలు వాటంతటవే రాలాలి. గుడ్డ పెట్టి తుడిచావంటే ఆ ముక్కలే గ్లాసు మీద గీతలు పెడతాయి. నోటితో ఊదకు, తుంపర పడుతుంది.

ఫిల్టర్ రింగు సొట్టపడి తిరగకపోతే పటకారు జోలికి వెళ్ళకు. పాత సైకిల్ ట్యూబ్ రెండు వేళ్ళ వెడల్పున కత్తిరించి రింగు చుట్టూ చుట్టి, చుట్టూ సమంగా పట్టి మెల్లగా తిప్పు. ఒక్క చోట గట్టిగా నొక్కితే 82 మిల్లీమీటర్ల రింగు కోడిగుడ్డు ఆకారంలోకి వంగి ఇంకా బిగుసుకుంటుంది. రెండు ప్రయత్నాల్లో రాకపోతే వదిలెయ్. సొట్టని లోపల్నుంచి వెనక్కి నెట్టే సాధనం మెకానిక్ దగ్గర ఉంటుంది.

తర్వాత రెండు మూతలూ పెట్టి, గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో పాటు ఉంచు. మీ ఇంటి వెనక కాలవ, ఆ పక్కన రొయ్యల చెరువులు. గాలిలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి ఉంటే గ్లాసు మీద ఫంగస్ పుట్టడానికి అదే చాలు. లెన్స్ బయటి గొట్టం పగిలి ఉంటే తేమకి దారి ఇంకా సులువు. బియ్యంలో మాత్రం పెట్టకు. తేమ లాగే సంగతి అలా ఉంచు, తవుడూ పిండీ లోపలికి పోతాయి.

ఇక గ్లాసు చూడటం. నీ దగ్గర 50 లెన్స్ ఉంది కదా, దాన్ని కెమెరా నుంచి తీసి వెనక వైపు వస్తువుకేసి, ముందు వైపు కంటికేసి పెట్టుకుంటే మంచి భూతద్దం. నీకు ఇది నేర్పనక్కర్లేదులే. ఆరేళ్ళప్పుడు స్టూడియో అరుగు మీద బోర్లా పడుకుని ఇలాగే చీమల్ని చూస్తుండేదానివి, అన్నానికి పిలిచినా కదిలేదానివి కాదు. ఇప్పుడు అలాగే ఓపిగ్గా చూడు. ముందు గ్లాసు మీద ఒకటి రెండు గీతలుంటే కంగారు పడకు. ఎదురుగా ఎండో లైటో ఉంటే మెరుపు వస్తుంది తప్ప మామూలు ఫోటోలో కనపడదు. వెనక గ్లాసు మీద గీత అలా కాదు, కెమెరా లోపల బొమ్మ పడే సెన్సార్‌కి దగ్గర కాబట్టి త్వరగా కనపడుతుంది. టార్చి ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి చూడు. సాలెగూడు పోగుల్లా ఉంటే ఫంగస్. అంచున ఇంద్రధనుస్సు రంగులుంటే అతికించిన రెండు గ్లాసులు విడిపోతున్నట్టు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మౌంటు, అంటే లెన్స్ కెమెరాకి తగులుకునే రింగు, వదులుగా ఊగుతోందని నీకు అనిపించి ఉంటుంది, స్క్రూలు తీసి బిగిద్దామని చెయ్యి దురద పెడుతుంటుంది. మన స్టూడియోలో ఫిల్ము రోజుల్లో అదే జరిగింది, చేసింది నేనే. పడిన జూమ్ లెన్సు, ఊగుతున్న మౌంటు. స్క్రూలు విప్పి రింగు ఎత్తగానే దాని కింద నుంచి ఇత్తడి రేకులు జారాయి. ఒకటి గ్రీజుకి అంటుకుని ఉండిపోయింది, ఒకటి బల్ల మీద పడింది, ఇంకొకటి ఎటు పోయిందో దొరకలేదు. షిమ్ములంటారు వాటిని, కొన్నయితే కాగితం కంటే పల్చన. లేనిదానికి బదులు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టి బిగించాను. ఊగడం ఆగింది. వ్యూఫైండర్‌లో మధ్యలో చక్కగా కనపడింది. ఆ వారం పెళ్ళికి దాన్నే వాడాం. ప్రింట్లు వచ్చాక చూస్తే గ్రూపు ఫోటోలన్నిట్లో ఎడమ వైపు నిలబడ్డవాళ్ళ మొహాలు స్పష్టంగా ఉన్నాయి, కుడి చివరి బంధువులు మసకబారారు. ఒకటీ రెండూ కాదు, అన్నీ. అదొక్కసారి జరిగే పెళ్ళి, మళ్ళీ నిలబెట్టి తీసేది కాదు.

ఎందుకలా అయిందో అర్థం చేసుకుంటే ఇంకెప్పుడూ స్క్రూడ్రైవర్ పట్టవు. నీ కెనాన్ ఈఎఫ్ లెన్స్ మౌంటు ముఖం నుంచి సెన్సార్‌కి దూరం సరిగ్గా 44 మిల్లీమీటర్లు ఉండాలి. నికాన్ ఎఫ్ మౌంటుకైతే 46.5. ఫ్యాక్టరీలో ఏ లెన్స్‌కి ఎంత తేడా ఉందో కొలిచి, ఆ తేడా సరిపోయేలా రేకులు పెడతారు. అవి ఆ లెన్స్‌కే సొంతం, పక్క లెన్స్‌వి పనికిరావు. మామూలు తెల్ల కాగితం మందం 0.1 మిల్లీమీటరు అనుకో. అంతమాత్రం తేడాతో లెన్స్ ముందుకి జరిగితే, జూమ్ 24 దగ్గర ఉన్నప్పుడు దూరపు కొండ మీద ఉండాల్సిన ఫోకస్ 6 మీటర్ల లోపలికి వచ్చేస్తుంది. 70 దగ్గరైతే అదే తేడాకి 49 మీటర్ల దగ్గర ఆగుతుంది. అందుకే అలాంటి లెన్స్‌లో 70 దగ్గర ఫోకస్ పెట్టి 24కి తిప్పితే బొమ్మ మసకబారుతుంది, తిప్పినవాడికి కారణం తెలియదు. ఇది చుట్టూ సమానంగా జరిగితే. ఒక పక్కే మందం పెరిగితే లెన్స్ వాలుతుంది, ఫోకస్ తలం కూడా దాంతో పాటు వాలుతుంది. ఒక చివర మనుషుల ముందుకి, ఇంకో చివర మనుషుల వెనక్కి పోతుంది. లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 8 పెడితే సగం కప్పిపుచ్చుతుంది. రాత్రి ముహూర్తంలో రంధ్రం పూర్తిగా తెరిచి ఎఫ్ 2.8 పెట్టేసరికి బయటపడుతుంది. పైగా నేను పెట్టింది కాగితం. స్క్రూ బిగింపుకి నలుగుతుంది, వానాకాలం తేమకి ఉబ్బుతుంది. నెలకో తీరుగా కొలత మారుతుంది.

ఇప్పటి లెన్సుల్లో ఇంకో ప్రమాదం ఉంది. మౌంటు దగ్గరి కాంటాక్టుల నుంచి లోపలి బోర్డుకి గోరంత వెడల్పు రిబ్బన్ వైరు ఉంటుంది. రింగుని నిటారుగా పైకి లాగావో అది తెగుతుంది. ఆ స్క్రూల తలలు కూడా మామూలు ప్లస్ కావు, జపాన్ జేఐఎస్ కొలత. ఊళ్ళో దొరికే ఫిలిప్స్ పెడితే కొన కుదుట పడక పైకి లేచి తల అరిగిపోతుంది. ఒక్క తల అరిగిందంటే బాగుచేసేవాడికి సగం రోజు పని, దానికి మజూరీ కట్టేది నువ్వు. ఆన్‌లైన్‌లో ఏదో టూల్ కిట్ కొన్నావట, రేడియో విప్పుకోవడానికి దాచు.

విప్పకుండానే చాలా తెలుసుకోవచ్చు. న్యూస్‌పేపర్ రెండు పేజీలు పరిచి గోడకి నున్నగా అంటించు. ట్రైపాడ్ మీద కెమెరాని గోడకి సరిగ్గా ఎదురుగా నిలబెట్టు. జూమ్ ఎక్కడ పట్టేసిందో అక్కడే ఉంచి ఎఫ్ 2.8, 4, 8లో ఒక్కొక్కటి తీయి. నాలుగు మూలలూ పెద్దవి చేసి పోల్చు. నాలుగూ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే అది లెన్స్ స్వభావం. ఒక మూలో ఒక పక్కో బాగా అలుక్కుపోయి ఉంటే లోపల ఒక గ్లాసు గుంపు జరిగింది, లేదా మౌంటు వంగింది. కెమెరా కూడా ఆ దెబ్బ తిన్నది కాబట్టి అదే పరీక్ష నీ 50తో కూడా చెయ్యి. దానికీ అదే పక్క మసకైతే తప్పు కెమెరా మౌంటుది, అది చూడకపోతే లెన్స్ రిపేరుకి డబ్బు తగలేసేదానివి. 805 గ్రాముల లెన్స్ వేలాడుతుండగా పడితే బాడీ మౌంటు వంగడం వింతేం కాదు.

కెమెరా తెర మీద ఎర్రర్ 01 వస్తే ఎక్కడ వస్తోందో రాసుకో. ఎఫ్ 2.8లో రాకుండా ఎఫ్ 8లోనే వస్తే రంధ్రాన్ని చిన్నది చేసే డయాఫ్రమ్ రెక్కలో వాటి రిబ్బన్ వైరో పోయినట్టు. అన్నిట్లోనూ వస్తే ముందు కాంటాక్టులు పొడి మెత్తటి గుడ్డతో తుడువు. రబ్బరుతో రుద్దకు, బంగారు పూత పోతుంది.

ఇక రిపేరా, కొత్తదా. అందరూ రిపేరు ఖర్చుని కొత్త లెన్స్ ధరతో పోలుస్తారు, అక్కడే మోసపోతారు. పోల్చాల్సింది అదే లెన్స్ మంచి స్థితిలో సెకండ్‌హ్యాండ్‌లో ఎంత పలుకుతుందో దానితో. లెక్క కోసం 60 వేలు అనుకో. రిపేరు 20 వేలంటే కళ్ళు మూసుకుని చేయించు. 30 వేలు దాటిందంటే ఆగు, ఎందుకంటే పడి బాగైన లెన్స్‌ని రేపు అమ్మితే ఎవరూ పూర్తి ధర ఇవ్వరు. 40 వేలంటే వద్దు. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సూ, 50 ఎఫ్ 1.8 లాంటివీ అయితే ఈ లెక్క కూడా అక్కర్లేదు, మార్చెయ్యడమే.

ఏ భాగం పోయిందన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. రోలర్లు, రిబ్బన్ వైరు, ఫిల్టర్ రింగు, మౌంటు రింగు, ఇవి మార్చించుకో. ముందు గ్లాసు గుంపు పగిలినా, రెండు చోట్ల గ్లాసులు జరిగినా, దానికి తోడు ఫంగస్ కనపడినా వదులుకో. కంపెనీ సర్వీసు సెంటర్‌లో అసలు భాగాలు దొరుకుతాయి, కానీ చిన్న రోలర్‌కి కూడా ఒక్కోసారి మొత్తం గొట్టమే మారుస్తారు. బయట మంచి మెకానిక్ రోలర్ ఒక్కటే మారుస్తాడు. అతన్ని ఒక్క మాట అడుగు, బిగించాక గ్లాసుల కేంద్రం ఎలా సరిచూస్తావని. కొలిమేటర్ అనో, చార్టు ప్రొజెక్టర్ అనో సరిచూసే యంత్రం పేరు చెబితే ఇవ్వు. కంటితో చూస్తానంటే నమస్కారం పెట్టి వచ్చెయ్.

ఇచ్చేముందు సీరియల్ నంబరూ నాలుగు వైపులా ఫోటోలూ తీసుకో. ఎస్టిమేటు కాగితం మీద రాయించు. చేయించనంటే చూసినందుకు ఎంత తీసుకుంటారు, పాత భాగాలు వెనక్కిస్తారా, రిపేరుకి ఎన్నాళ్ళ గ్యారంటీ, ఈ మూడూ అందులోనే ఉండాలి. పడి పగిలినది వారంటీలోకి రాదు, వాదించి గొంతు చించుకోకు. తెచ్చుకున్న రోజే మళ్ళీ పేపరు గోడ ముందు పెట్టు.

సెకండ్‌హ్యాండ్ తీసుకోవాల్సి వస్తే టార్చితో చూడకుండా, నీ కెమెరాకి పెట్టకుండా డబ్బివ్వకు. స్క్రూ తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారన్నమాట. నీది విడిభాగాలకి అమ్ముతావేమో, ఏం జరిగిందో దాచకుండా చెప్పి అమ్ము.

ఈఎమ్ఐ సంగతి మళ్ళీ ఎత్తుతున్నానని విసుక్కోకు. సీజన్‌లో చేతికొచ్చే డబ్బుని నమ్ముకుని సీజన్ ముందే అప్పు చేయకు. ముందు ఎస్టిమేటు రానీ. దూరం తిరగాల్సి వస్తే తోడు నేనొస్తాను, పైన పడే ఖర్చు గురించి మీ అమ్మ ముందు మాట్లాడకు, నాతో మాట్లాడు.

గురువారం పొద్దున్న రా. లెన్సూ బాడీ విడివిడిగా చుట్టి తీసుకురా, 50 మర్చిపోకు, ట్రైపాడ్ ఇక్కడుంది. బండి మీద కాదు, బస్సులో ఒళ్ళో పెట్టుకుని రా. నేను ముందు రోజు రాత్రే గోడకి పేపరు అంటించి ఉంచుతాను.

మీ పెద్దమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది.

పెదనాన్న