చుట్టాలు ఒక్క రాత్రే పడుకున్న పక్కబట్టలు ఉతకాలా, ఎండలో వేస్తే చాలదా?

ఉతకాల్సిందే, ఒక్క రాత్రి పడుకున్నా పరుపు మీద దుప్పటి, కప్పుకున్న దుప్పటి, దిండు గలీబు ఉతికాకే ఇంకొకరికి వేయాలి. పరుపుకీ దిండుకీ మాత్రం ఎండ సరిపోతుంది.

ఎండ చెమ్మను లాగేస్తుంది కానీ బట్టకు పట్టిన చెమటనీ, తలనూనెనీ, రాలిన చర్మపు పొట్టునీ తీయలేదు. ఆ పొట్టే కంటికి కనిపించని దుమ్ముపురుగులకు తిండి. తుమ్ములు, ఆయాసం ఉన్నవాళ్లకు ఇబ్బంది వాటితోనే. 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే అవి చస్తాయి. చన్నీళ్లలో చాలావరకు బతికే ఉంటాయి.

అన్నిటికన్నా మొండిది గలీబు. కొబ్బరినూనె మరక ఉన్నదాన్ని అలాగే మడతపెట్టి బీరువాలో పెడితే, నూనె గాలికి మెల్లగా పసుపు తిరిగి పాతనూనె కంపు కొడుతుంది. మరక మీద గిన్నెలు తోమే లిక్విడ్ అర చెంచా రుద్ది, 15 నిమిషాలాగి వేడినీళ్లలో ఉతకాలి. మరక పోకుండా ఇస్త్రీ చేస్తే ఇక వదలడం కష్టం. పూర్తిగా ఆరకుండా మడతపెడితే ముక్క వాసన ఖాయం, వానాకాలంలో మరీను.

కలరా ఉండలు వేస్తే శుభ్రంగా ఉంటాయన్నది చాలామంది అపోహ. అవి బట్టలు కొరికే పురుగును ఆపుతాయి, అంతే. మురికి పోదు, మంచంలోని నల్లులు చావవు. పైగా జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసిపిల్లలకు ఆ ఘాటు ప్రమాదం, ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. చంటిబిడ్డతో వచ్చేవాళ్లకు కలరా ఉండలు వేసి దాచిన దుప్పట్లు వేయకండి.