టెక్ సందేహాలు: పాస్‌వర్డ్ మార్చాను, ఇక భయం లేదా?

ప్రశ్న: మా ఆఫీసులో అన్ని యాప్‌లకూ ఒకటే లాగిన్. అది మొరాయిస్తుంటే సపోర్ట్ వాళ్లు బ్రౌజర్ నుంచి ‘హార్ ఫైల్’ తీసి పంపమన్నారు. పంపేశాను. తర్వాత అనుమానమొచ్చి పాస్‌వర్డ్ మార్చుకున్నాను. సరిపోతుందా?

జవాబు: సరిపోకపోవచ్చు. హార్ ఫైల్ అంటే మీ బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచిన వ్యవహారమంతా పొల్లుపోకుండా రాసిన చిట్టా. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఇంగ్లిష్‌లో ‘కుకీ’ అని వెతకండి. పక్కనే అర్థంపర్థం లేని పొడవాటి అక్షరాల వరస కనిపిస్తుంది. మీరు లాగిన్ అయ్యారని సర్వర్ గుర్తుపట్టడానికి ఇచ్చే ‘సెషన్ టోకెన్’ ఉండేది అక్కడే. సినిమా హాల్లో చింపి ఇచ్చే సగం టికెట్ లాంటిది. అది చేతిలో ఉంటే ఇంటర్వెల్ తర్వాత ఎవరూ ఆపరు. దొంగ చేతిలో ఉన్నా అంతే, ఓటీపీ కూడా అడగదు.

కంపెనీల ఉద్యోగుల లాగిన్లు చూసుకోవడమే వ్యాపారమైన ఆక్టాకు 2023లో ఈ దెబ్బే తగిలింది. సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 17 వరకు ఎవరో దాని సపోర్ట్ వ్యవస్థలో దూరి 134 ఖాతాదారు సంస్థల ఫైళ్లు చూశారు. అందులోని హార్ ఫైళ్ల నుంచి టోకెన్లు ఏరుకుని ఐదు సంస్థల సెషన్లలోకి జొరబడ్డారు. ముందు పసిగట్టింది ఆక్టా కాదు, దాని ఖాతాదారైన వన్‌పాస్‌వర్డ్ అనే సంస్థ. సెప్టెంబరు 29నే చెప్పింది. తాళాల కొట్టుకు కన్నం పడితే పక్కింటివాళ్లొచ్చి లేపినట్టయింది!

మీరిప్పుడు చేయాల్సింది, ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ నొక్కడం. అది కనిపించకపోతే సెషన్లన్నీ రద్దు చేయమని మీ ఐటీ అడ్మిన్‌ను అడగండి. పాస్‌వర్డ్ మారిస్తే పాత సెషన్లు కొన్నిచోట్ల పోతాయి, కొన్నిచోట్ల పోవు. 2024లో వచ్చిన క్రోమ్ 130 నుంచి హార్ ఫైల్ తీసేటప్పుడు కుకీలను బ్రౌజరే తొలగిస్తోంది. అయినా లాగిన్ పేజీలో మీరు కొట్టిన పాస్‌వర్డ్ అందులో మిగిలిపోవచ్చు. పంపే ముందు దాన్నీ వెతకండి.

ప్రశ్న: ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని క్రోమ్‌లో నా సొంత జీమెయిల్ పెట్టుకున్నాను. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగినప్పుడల్లా ‘సేవ్’ కొడుతున్నాను. తప్పా?

జవాబు: పై కథ మొదలైంది సరిగ్గా అక్కడే. ఆక్టా ఉద్యోగి ఒకరు కంపెనీ ల్యాప్‌టాప్‌లో మీలాగే సొంత గూగుల్ ఖాతా తెరిచారు. సపోర్ట్ వ్యవస్థకు సంబంధించిన సర్వీస్ అకౌంట్ (మనుషులకు కాక ప్రోగ్రాముల పనికి పెట్టే ఖాతా) పాస్‌వర్డ్ అందులో సేవ్ అయిపోయింది. ఆ గూగుల్ ఖాతానో, ఆ ఉద్యోగి సొంత పరికరమో దొంగల చేతికి చిక్కి ఉంటుందని ఆక్టాయే అంచనా వేసింది. మీ ఇంట్లో పిల్లలు గేములు దించుకునే కంప్యూటర్‌లోనూ అదే జీమెయిల్ ఉందనుకోండి, ఆఫీసు పాస్‌వర్డ్‌లు అక్కడికీ చేరిపోతాయి.

గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి ఆఫీసువన్నీ తీసేయండి, ఆ పాస్‌వర్డ్‌లు మార్చేయండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత జీమెయిల్ నుంచి సైన్ అవుట్ కండి. ఆక్టా అయితే తన ల్యాప్‌టాప్‌ల క్రోమ్‌లో సొంత ఖాతాలు పెట్టుకోవడానికే వీల్లేకుండా చేసింది.