మీ ప్రశ్న – మా జవాబు: క్రోమోజోముల మీద ఆ చారలు ఏమిటి?

ప్రశ్న: నాకు రెండుసార్లు మూడో నెలలోనే గర్భం పోయింది. డాక్టరుగారి సలహాతో మా ఇద్దరి రక్తం క్యారియోటైప్ పరీక్షకు (క్రోమోజోముల సంఖ్య, ఆకారం చూసే పరీక్ష) ఇచ్చాం. నా నమూనాలో కణాలు పెరగలేదని మళ్లీ రక్తం తీసుకున్నారు. రిపోర్టు చేతికి వచ్చేసరికి నెల దాటింది. అందులో ‘జి-బ్యాండింగ్, 500 బ్యాండ్లు, నార్మల్’ అని రాసి, నలుపు తెలుపు చారలున్న బొమ్మ జతచేశారు. ఆ చారలు నిజంగా ఉన్నవేనా, రంగు వేయడం వల్ల వచ్చినవా? నార్మల్ అంటే మాలో ఏ లోపమూ లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: షుగరు పరీక్షలాగా రక్తం తీసి యంత్రంలో పెడితే తేలే పని కాదమ్మా ఇది. జన్యువులను మోసే పోగులైన క్రోమోజోములు విడివిడిగా కనిపించేది కణం రెండుగా చీలే కొద్ది సమయంలోనే. మిగతా కాలమంతా అవి చిక్కుపడిన నూలులా కేంద్రకంలో కలగలిసి ఉంటాయి. రక్తంలోని తెల్ల కణాలు తమంతట తాము విభజన చెందవు కనుక, రాజ్మా గింజల నుంచి తీసే ఫైటోహీమగ్లుటినిన్ అనే ప్రొటీన్ కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో 72 గంటలపాటు వాటిని పెంచాలి. విభజన నడిమధ్యలో ఉండగా కోల్చిసిన్ వంటి మందుతో ఆపాలి. మన కంచెల మీద పూసే అగ్నిశిఖ దుంపలో ఉండే విషం కూడా ఈ కోల్చిసినే. తర్వాత పలచని పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో కణాలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, లోపలి క్రోమోజోములు ఎడంగా జరుగుతాయి. అప్పుడు మిథనాల్, ఎసిటిక్ ఆమ్లాల మిశ్రమంలో స్థిరపరచి స్లైడు మీద చుక్కగా వదులుతారు. నమూనా ఆలస్యంగా చేరినా, దారిలో వేడెక్కినా కణాలు పెరగకపోవచ్చు. రెండోసారి రక్తం అడిగినంత మాత్రాన మీ ఒంట్లో లోపం ఉందని బెంగపడకండి.

ఇక చారల సంగతి. మీ రిపోర్టులోని ‘జి’ అంటే గీమ్సా, ‘బ్యాండ్’ అంటే చార. గీమ్సా అనే ఈ రంగు మొదట మలేరియా పరాన్నజీవిని చూడడానికి తయారైంది. దాన్ని నేరుగా వేస్తే క్రోమోజోము అంతా ఒకేలా ఊదారంగు తిరుగుతుంది. 1956లో చియో, లెవాన్ అనే శాస్త్రవేత్తలు మనిషికి 46 క్రోమోజోములని తేల్చినా, వాటిలో ఏది ఏదో చెప్పడం మాత్రం చాలా ఏళ్లు కష్టంగానే ఉండేది. 6 నుంచి 12 వరకు ఉన్నవీ, ఎక్స్ క్రోమోజోమూ దాదాపు ఒక్క పోలికతో కనిపించేవి. 1971లో ఇంగ్లండులో మెరీనా సీబ్రైట్ స్లైడును ముందుగా ట్రిప్సిన్‌లో ఉంచి, ఆ తర్వాత గీమ్సా వేసే సులువైన పద్ధతిని ప్రకటించారు. మనం తిన్న మాంసకృత్తులను అరిగించే ట్రిప్సినే అది. క్రోమోజోములోని ప్రొటీన్లను అది కొంతమేర కొరికేశాక, డీఎన్ఏ రాతలోని నాలుగు రసాయన అక్షరాల్లో (A, T, G, C) A, T ఎక్కువగా, జన్యువులు తక్కువగా ఉన్న మేరలు రంగును గట్టిగా పట్టుకుంటాయి. G, C ఎక్కువై జన్యువులు దట్టంగా ఉన్న మేరలు లేతగా మిగులుతాయి. కాబట్టి చారను కంటికి చూపించింది రంగే అయినా, ఆ తేడా క్రోమోజోములోనే ఉంది. మీ 7వ క్రోమోజోము మీద ఏ వరుసలో చారలున్నాయో, మీవారి 7వ క్రోమోజోము మీదా అదే వరుసలో ఉంటాయి. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఈ పనిలో నేర్పంతా ట్రిప్సిన్ దగ్గరే ఉంది. సమయం చాలకపోతే చారలు రావు, మించితే అంచులు ఉబ్బి క్రోమోజోము బూజు పట్టినట్టవుతుంది. వానాకాలంలో గాలిలో తేమ పెరిగితే కణాలు స్లైడు మీద పరుచుకునే తీరే మారిపోతుంది. నేను ల్యాబులో ఉన్నన్నాళ్లూ ప్రతి విడతలో ముందు ఒక్క స్లైడునే ముంచి, మైక్రోస్కోపు కింద చూసుకున్నాకే మిగతావాటికి ఎన్ని సెకన్లో నిర్ణయించేదాన్ని.

చారలు చదవడం వచ్చాక ఎంత తెలిసిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. ఒక రకం రక్త క్యాన్సరులో 22వ క్రోమోజోము పొట్టిగా ఉంటుందని 1960లోనే గమనించారు. తెగిన ముక్క పోయిందనే అనుకున్నారు. అమెరికాలో జానెట్ రౌలీ 1973లో చారలు పోల్చి చూసి, ఆ ముక్క 9వ క్రోమోజోముకు అతుక్కుని ఉందని చూపారు.

మీ డాక్టరుగారు వెతికించింది ఇటువంటి తారుమారునే. పదేపదే గర్భం పోయే నూరు జంటల్లో సుమారు మూడు నుంచి ఐదింటిలో, ఇద్దరిలో ఒకరికి క్రోమోజోము ముక్కలు చోటు మారి ఉంటాయి. ఏమీ పోలేదు కనుక ఆ మనిషి ఆరోగ్యంగానే ఉంటారు; అండంలోకో వీర్యకణంలోకో పంపకం జరిగేటప్పుడు మాత్రం ఒక ముక్క ఎక్కువో తక్కువో కావచ్చు. మీ ఇద్దరి రిపోర్టుల్లోనూ అటువంటిది కనబడలేదు, అది నిజంగా ఊరట కలిగించే మాటే.

అయితే ‘500 బ్యాండ్లు’ అన్న మాటను కూడా చదవాలి. ఒక సెట్టు క్రోమోజోముల్లోని దాదాపు 300 కోట్ల డీఎన్ఏ అక్షరాలను 500 చారలకు పంచితే, ఒక్కో చారకు సగటున 60 లక్షలు వస్తాయి. అంతకంటే చిన్న ముక్క పోయినా, ఒక్క జన్యువులో అక్షరం మారినా ఈ పరీక్షకు అందదు. పైగా తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగంలో పిండానికే క్రోమోజోముల తేడా ఉంటుంది. అది చాలావరకు ఆ ఒక్క గర్భంలో కొత్తగా జరిగిన పొరపాటు కనుక తల్లిదండ్రుల రక్తంలో కనబడదు. మీ రెండు గర్భాల కణజాలాన్నీ పరీక్షకు పంపారో లేదో డాక్టరుగారిని అడగండి. పంపి ఉంటే ఆ ఫలితం గురించి, లేకుంటే కణాలను పెంచకుండానే డీఎన్ఏ ముక్కల హెచ్చుతగ్గులను చూసే మైక్రోఅరే వంటి పరీక్ష ఇకముందు ఎప్పుడు అవసరమవుతుందో, రిపోర్టులు చేతబట్టుకుని జన్యు సలహాదారుతో తీరిగ్గా మాట్లాడండి.